తడి ఎంతమ్మా?

మా ఇంట్లో మోటారు వేస్తే మొక్కలత్తయ్య బావిలో నీళ్ళు దిగుతాయి. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మామయ్య ఈ మాట చెబితే నాకు నవ్వొచ్చింది. మా బావి మా పెరట్లో ఉంది, ఆవిడ బావి ఆవిడ తోటలో ఉంది. మధ్యలో మూడు ఇళ్ళు, ఒక బేకరీ, లెక్కలేనన్ని గోడలు.

"గోడలు పైన కట్టుకున్నాం తల్లీ. కింద ఎవరు కట్టారు?" అన్నారు మామయ్య.

ఆయన నలభై ఏళ్ళు ఊళ్ళో మోటార్లు బాగుచేసిన మనిషి. భూమి లోపలికి వెళ్ళి చూసొచ్చినట్టే మాట్లాడేవారు. పెద్దాయన, చెప్పుకోనీలే అనుకుని నేను బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయాను. ఆ మాట అబద్ధమైతే ఎంత బాగుండునని తర్వాత ఒక వేసవంతా అనుకున్నాను. ఇది ఆ వేసవి సంగతి.

మాది లాండ్రీ. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నానబెట్టే తొట్లు రెండు, ఒక పెద్ద మిషను, ఒక ఇస్త్రీ బల్ల. మా అత్తగారు నేను రాకముందే పోయారు. మా ఆయన నాలుగేళ్ళుగా వేరే ఊళ్ళో ఒక పెద్ద లాండ్రీలో పనిచేస్తూ, మూడు నెలలకోసారి వచ్చి పోయేవాడు. ఇక్కడ ఇళ్ళ బట్టలతో నేనూ మామయ్యా ఎలాగోలా నెట్టుకొచ్చేవాళ్ళం. ఆ సంవత్సరం చలి తగ్గుతుండగా ఆసుపత్రి వాళ్ళు తమ దుప్పట్లన్నీ ఉతికే పని మాకిచ్చారు. రోజుకి రెండొందల దుప్పట్లు. దాంతో మా ఆయన అక్కడి పని మానేసి, పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు.

వచ్చిన రోజు మా నాలుగేళ్ళ పిల్ల తలుపు వెనక నుంచి కాసేపు తండ్రిని చూసి, "ఈసారి ఎన్ని రోజులుంటారు?" అని అడిగింది, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు. ఆయన నవ్వేశాడు గానీ, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. నెల తిరిగేసరికి అది తండ్రి చంక దిగడం మానేసింది. భోజనం ఆయన ఒళ్ళోనే, చెప్పులు ఆయన తొడిగితేనే. నేను పిలిస్తే పలికేది కాదు. నాలుగేళ్ళు పెంచినదాన్ని నేను, ముద్దులన్నీ ఆయనకా అని పైకి విసుక్కునేదాన్ని. లోపల మటుకు కడుపు నిండిపోయేది.

ఇక మొక్కలత్తయ్య. ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. వీధి మొదట్లో పూలమొక్కలూ కూరగాయల నారూ పెంచి అమ్ముకునే ఒంటరి మనిషి. మామయ్యను అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు అత్తయ్య అయింది. అయి ఊరుకుందా, అత్తగారి పెత్తనమూ తనే పుచ్చుకుంది. "అత్త లేదని సంబరపడకే కోడలు పిల్లా, నేనున్నాను" అనేది. ఆ పెత్తనం ఎలాంటిదంటే, నాకు కాన్పయ్యాక నెల రోజులు నా బట్టలూ పసిదాని గుడ్డలూ ఆవిడే ఉతికి ఆరేసింది. లాండ్రీ ఇంటి కోడలి బట్టలు మొక్కలు అమ్ముకునే మనిషి ఉతుకుతోందని వీధంతా నవ్వుకున్నారు. ఆవిడా నవ్వింది. ఉతకడం మాత్రం మానలేదు.

మా వీధికి ఒక కట్టుబాటు ఉంది. నేను రాకముందు ఎప్పుడో ఒక ఎండాకాలం ఐదు బావులు అడుగంటి, ఇళ్ళవాళ్ళు ఒకరినొకరు నానా మాటలూ అనుకున్నారట. అప్పుడు మామయ్యే పెట్టించారు. ఆదివారం సాయంత్రం నుంచి ఎవరూ మోటారు వేయకూడదు. కింద నీళ్ళు కదలకుండా కుదురుకోవాలి. సోమవారం పొద్దున్నే ఆయన వెళ్ళి కొలుస్తారు. అన్ని బావులూ కాదు, మొక్కలత్తయ్య బావి ఒక్కటే. వీధిలో అన్నిటికంటే లోతు తక్కువ బావి అది. "దాహం సంగతి ముందు ఎవరి గొంతు ఎండుతుందో వాళ్ళనే అడగాలి" అనేవారు మామయ్య. ఆ బావిలో నీళ్ళు ఇరవై ఎనిమిది అడుగుల కిందికి దిగాయంటే వీధిలోకల్లా పెద్ద మోటారు ఆగిపోవాలి, నీళ్ళు మళ్ళీ పైకి వచ్చేదాకా. మిగతా ఇళ్ళవాళ్ళు రోజుకి అరగంట వేసుకోవాలి. దుప్పట్లు వచ్చాక ఆ పెద్ద మోటారు మాదే.

కొలిచే పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. మామయ్య దగ్గర ఒక ఇనప టేపు ఉండేది. దాని చివరి ఆరడుగులకీ సుద్ద ముక్క రుద్దేవారు. బావి గట్టు దగ్గర ముప్ఫై రెండు అంకె వచ్చేదాకా దించి, మళ్ళీ పైకి లాగేవారు. నీళ్ళలో మునిగినంత మేర సుద్ద తడిసి నల్లగా కనిపిస్తుంది. ఆ తడి ఎంతో చూసి ముప్ఫై రెండులోంచి తీసేస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో వచ్చేస్తుంది. తడి ఐదడుగులైతే నీళ్ళు ఇరవై ఏడు దగ్గర ఉన్నట్టు. తడి నాలుగైతే ఇరవై ఎనిమిది, అంటే సరిగ్గా గీత మీద. ఆ అంకె తీసుకెళ్ళి బేకరీ గోడకున్న నల్లబోర్డు మీద రాసేవారు. వీధివాళ్ళు రొట్టెకి వచ్చినప్పుడు అది చూసి, ఆ వారం ఎలా మసలుకోవాలో తెలుసుకునేవారు. ఆ అంకెను ఎవరూ ఎప్పుడూ అనుమానించలేదు.

ఆ వేసవి మొదట్లోనే మామయ్య చూపు మందగించింది. ఆ సంగతి ఆయన ఒప్పుకోరు. ఇస్త్రీ బల్ల మీద మడిచిపెట్టిన తెల్ల చొక్కాను పిల్లి అనుకుని అదిలించారొకసారి. "గాలికి కదిలింది, అందుకని" అన్నారు. నేను నవ్వు ఆపుకున్నాను. ఆ తర్వాతి సోమవారం టేపు డబ్బా చంకలో పెట్టుకుని గుమ్మంలో ఆగి, "నువ్వూ రా అమ్మాయ్. ఈ మోకాళ్ళు వంగడం లేదు" అన్నారు. మోకాళ్ళతో చదువుతారా అని నేను అడగలేదు. చేతులు తుడుచుకుని వెంట వెళ్ళాను.

మొక్కలత్తయ్య బావి పక్కన ఆయనకొక పీట వేసి ఉంచింది. నేను సుద్ద రాసి టేపు దించి, పైకి లాగాను.

"తడి ఎంతమ్మా?"

"ఐదున్నర మామయ్యా."

"ఇరవై ఆరున్నర. ఇంకా ఫర్వాలేదు" అని టేపు అందుకున్నారు. గుడ్డ పెట్టి చివరిదాకా మెల్లగా తుడిచి, చుట్టి డబ్బాలో పెట్టారు. బోర్డు మీద మాత్రం తనే రాశారు. అంకె కాస్త పక్కకి ఒరిగింది.

"కోడల్ని వెంటేసుకొచ్చావే అన్నయ్యా, పెత్తనం అప్పచెబుతున్నావా ఏం?" అంది మొక్కలత్తయ్య.

"అప్పచెప్పక? నీలా నూరేళ్ళూ నేనే చూసుకుంటానంటే ఎలా?" అన్నారాయన.

మరుసటి సోమవారం తడి నాలుగుంపావు. ఒక్క వారంలో అడుగుంపావు దిగిపోయింది. ఎండలు అప్పటికింకా ముదరనే లేదు. దారిపొడుగునా నా బుర్రలో ఒకటే లెక్క. ఇంకో పావు అడుగు దిగితే గీత. గీత దాటితే మా మోటారు ఆగాలి. మోటారు ఆగితే దుప్పట్లు లేవు. ఆసుపత్రి వాళ్ళు మా కోసం వానాకాలం దాకా ఆగుతారా? ఇంటికొచ్చి, మాట వరసకి అన్నట్టు మా ఆయన్ని అడిగాను.

"ఒకవేళ మోటారు ఆపాల్సొస్తే ఏం చేస్తారు?"

ఆయన పిల్లకి జడ వేస్తున్నాడు. ఒకవైపు జడ పైకి, ఒకవైపు కిందికి, దానికదే గొప్ప. "ఏముంది, మళ్ళీ ఆ ఊరే. ఎప్పుడొచ్చినా రమ్మన్నారు వాళ్ళు" అన్నాడు తేలిగ్గా. పిల్ల తల తిప్పకుండా వెనక్కి చెయ్యి పెట్టి ఆయన చొక్కా పట్టుకుంది. దానికి ఎంత అర్థమైందో నాకు తెలియదు.

మూడో సోమవారం టేపు పైకి లాగాను. తడి మూడుంపావు. బావిలోకి తొంగి చూస్తే నీళ్ళు ఎక్కడో అడుగున చిన్న పళ్ళెమంత మెరుస్తున్నాయి. మొక్కలత్తయ్య దూరంగా నారు పళ్ళాలు నీడకి జరుపుకుంటోంది. మామయ్య పీట మీద కూర్చుని చెవి నావైపు పెట్టారు.

"తడి ఎంతమ్మా?"

"నాలుగు మామయ్యా."

నోరు జారిందని చెప్పను. ఇంటి దగ్గర నుంచీ అనుకుంటూనే వెళ్ళాను. ముప్పావు అడుగు ఎంత, మూరెడు కూడా లేదు, ఒక్క వాన పడితే సర్దుకుంటుంది అనుకున్నాను. నాలుగంటే గీత మీద ఉన్నట్టు, దాటినట్టు కాదు. అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు.

మామయ్య చెయ్యి చాపారు. టేపు అందుకుని, గుడ్డతో తుడిచి, చుట్టి డబ్బాలో పెట్టాక, "ఇరవై ఎనిమిది" అన్నారు. వెళ్ళి బోర్డు మీద రాశారు. ఆ రోజు మధ్యాహ్నం మా మోటారు వేస్తూ ఆ మీట మీద చెయ్యి పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అయినా వేశాను.

నాలుగో సోమవారం తడి రెండుంపావు. మళ్ళీ నాలుగన్నాను. బోర్డు మీద మళ్ళీ అదే ఇరవై ఎనిమిది. "ఇంత ఎండలో నీళ్ళు కదలకుండా నిలబడ్డాయంటే మన వీధి అదృష్టం" అన్నారు బేకరీ అరుగు మీద కూర్చునే రిటైరైన మేష్టారు. రొట్టె తీసుకుంటున్న వాళ్ళంతా తలలూపారు. నేను రొట్టె మర్చిపోయి ఇంటికొచ్చేశాను.

ఆ గురువారం మొక్కలత్తయ్య మోటారు నీళ్ళు లాగడం మానేసి గాలి లాగడం మొదలుపెట్టింది. ఆవిడే వచ్చింది మా ఇంటికి. చెమటలు కక్కుతూ, కొంగు నడుముకి దోపుకుని.

"నా మోటారు చచ్చినట్టుంది అన్నయ్యా. నీళ్ళేమో ఇరవై ఎనిమిది దగ్గరున్నాయి, బోర్డు మీద చూశాను. నా గొట్టం మూతి ముప్ఫై దాకా ఉంది. పైన రెండడుగుల నీళ్ళు పెట్టుకుని అది గాలి పీలుస్తుందేంటి? ఒకసారి వచ్చి చూద్దూ."

మామయ్య సంచీ తీసుకుని బయలుదేరారు. నేనూ వెళ్ళాను. ఆయన నేలమీద కూర్చుని మోటారు మొత్తం విప్పారు. కళ్ళతో పని లేదు ఆయనకి, చేతులకే అన్నీ తెలుసు. ఒక్కొక్క ముక్క తడిమి, తుడిచి, పక్కన పెట్టి, మళ్ళీ బిగించారు. గంట పట్టింది. ఆ గంటా నేను బల్లల మీద నారు చూస్తూ నిలబడ్డాను. మూడు బల్లల మీద మొలకలు మెడలు వాల్చేశాయి.

"మోటారుకి ఏ రోగమూ లేదమ్మా" అన్నారు చివరికి.

"మరి?"

ఆయన చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నారు. "సోమవారం కొలుస్తాంగా, అప్పుడు చూద్దాం."

"సోమవారం దాకా నా నారు ఆగొద్దూ?" అంది మొక్కలత్తయ్య. ఆయన సంచీ సర్దుకుని లేచారు.

ఆ నాలుగు రోజులూ నేను మా బావి నీళ్ళు డబ్బాల్లో పట్టి మోశాను. పొద్దున మూడు సార్లు, సాయంత్రం మూడు సార్లు. ఆ నీళ్ళు అసలు ఎవరి బావిలోంచి వచ్చాయో తెలిసీ మోశాను. ఆవిడ ఒక్కొక్క డబ్బా అందుకుంటూ, "నా కడుపున పుట్టిన పిల్లయినా ఇంత చేసేది కాదే కోడలా" అనేది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఇంటికొచ్చేసరికి లోపల మా ఆయన గుర్రమై వంగుంటే పిల్ల ఎక్కి అదిలిస్తుండేది. నోటిదాకా వచ్చింది మళ్ళీ లోపలికే పోయేది.

శనివారం నేను డబ్బాలు దించుకుని కూర్చుంటే మామయ్య పక్కన వచ్చి నిలబడ్డారు.

"భుజాలు నొప్పి పుడుతున్నాయా అమ్మాయ్?"

"లేదు మామయ్యా."

"నాకూ ఈ మధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదులే" అని లోపలికి వెళ్ళారు.

ఐదో సోమవారం. ఈసారి మొక్కలత్తయ్య కూడా బావి దగ్గరే నిలబడింది. నేను సుద్ద ఎప్పటికంటే ఎక్కువ రుద్దాను. ముప్ఫై రెండు దాకా దించి పైకి లాగాను. తడి అడుగుంది, అంతే.

మామయ్య అలవాటు కొద్దీ గుడ్డ తీసి టేపు అందుకున్నారు. తుడవబోయి ఆగారు. గుడ్డ మోకాలి మీద వేసుకుని, బొటనవేలు సుద్ద మీద ఆనించి మెల్లగా కిందికి జార్చారు. పొడి సుద్ద మీద వేలు గరగరమంటూ దిగింది. తడి మొదలైన చోట ఆగింది. సరిగ్గా ఒకటి దగ్గర.

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్ని వారాలూ ఆయన గుడ్డ పెట్టి మెల్లగా తుడిచింది టేపు శుభ్రం కోసం కాదు. నేను ఏ అంకె చెప్పినా, ఆయన వేలికి తడి ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

"తడి ఎంతమ్మా?" అన్నారు. గొంతులో కోపం లేదు. ఎప్పుడూ అడిగినట్టే అడిగారు.

"ఒకటి మామయ్యా. ముప్ఫై ఒకటి."

"ముప్ఫై ఒకటా?" అంది మొక్కలత్తయ్య. "పోయిన సోమవారం ఇరవై ఎనిమిదేగా? వారంలో మూడడుగులు ఎక్కడికి పోయాయే?"

"ఎక్కడికీ పోలేదత్తయ్యా. పోయిన వారం నేను అబద్ధం చెప్పాను. అంతకుముందు వారం కూడా. మా మోటారు ఆపాల్సొస్తుందని."

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నా ముఖంలోకి చూసి, పక్కన వరసగా పెట్టిన మా నీళ్ళ డబ్బాలు చూసింది.

"అందుకేనా మోశావు ఇవన్నీ?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ తోటలోకి వెళ్ళిపోయింది. మామయ్య పీట మీద నుంచి లేచి, నా చేతికి సుద్ద ముక్క ఇచ్చి, "ఇవాళ నువ్వు రాయి" అన్నారు.

బేకరీ దగ్గర అప్పటికే పదిమంది ఉన్నారు. నేను పాత అంకె చెరిపి ముప్ఫై ఒకటి రాసి, వెనక్కి తిరిగి, రెండు వారాల సంగతీ చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. మేష్టారు నమ్మలేనట్టు మామయ్య వైపు తిరిగారు.

"ఏమండీ, ఇన్నేళ్ళుగా కొలుస్తున్నారు, మీకు తెలియలేదా?"

"తెలిసింది" అన్నారు మామయ్య. "మొదటి రోజే తెలిసింది. కళ్ళు పోయినా వేలు పనిచేస్తోంది. నాలుగేళ్ళ తర్వాత మావాడు నా పక్కన కూర్చుని భోంచేస్తున్నాడు మేష్టారూ. అది పోగొట్టుకోవాలనిపించలేదు. కోడలు నోటితో చెప్పింది, నేను నా చేత్తో రాశాను. అనాల్సింది ఏదైనా ఉంటే ముందు నన్నే అనండి."

ఆ వీధిలో ఆయన తల దించుకుని నిలబడటం అదే మొదటిసారి. నా వల్ల. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మా ఆయన రొట్టె కొనడానికి పిల్లను ఎత్తుకుని వచ్చి, వెనక నిలబడి అంతా విన్నాడట. నేను చూసేసరికి దగ్గరికి వచ్చి పిల్లను నా చేతికిచ్చాడు. "ఇవాళ్టి దుప్పట్లు ఆసుపత్రిలో తిరిగిచ్చేసి వస్తాను" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం షెడ్డులో ఖాళీ తొట్టి అంచు మీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే మీరు వెళ్ళిపోయేవారు."

"వెళ్ళేవాణ్ణే. ఇప్పుడూ వెళ్తున్నాను. అప్పుడైతే అత్త ముఖం చూసి, చెప్పి వెళ్ళేవాణ్ణి" అన్నాడు. నా చెయ్యి లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నేనున్న ఈ మూడు నెలలూ బాగున్నాయే. అది మాత్రం నిజం." నేను ఏడ్చేశాను. అంతవరకూ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదాయన.

బుధవారం బయలుదేరాడు. పెట్టె పట్టుకుని మొక్కలత్తయ్య గేటు దగ్గర ఆగి, "వెళ్ళొస్తానత్తా" అన్నాడు. ఆవిడ వాడిన నారు పీకి ఒక పక్కకి వేస్తోంది. తల ఎత్తలేదు. "ఊఁ" అంది. మా పిల్ల ఏమీ అడగలేదు. ఆయన బస్సెక్కి వెళ్ళాక ఇంటికొచ్చి, తలుపు వెనక నిలబడింది. ఎంత పిలిచినా రాలేదు. చివరికి మామయ్య వెళ్ళి ఆ తలుపు వెనకే, దాని పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నారు.

మేష్టారు సోమవారం కొలతకి ఇంకో మనిషి కూడా ఉండాలన్నారు. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు? "నా బావి. నేనే చూసుకుంటాను" అంది మొక్కలత్తయ్య. అప్పటి నుంచీ ప్రతి సోమవారం నేను టేపు పైకి లాగగానే కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చేది. తనే చదివేది, తనే లెక్క కట్టేది, తనే అంకె చెప్పేది. నేను వెళ్ళి రాసేదాన్ని. నన్ను కోడలా అనడం మానేసింది. అమ్మాయ్ అని కూడా అనేది కాదు. మామయ్యకి పీట మాత్రం వేసేది. నేను మొదట్లో రెండు రోజులు నీళ్ళ డబ్బాలు తీసుకెళ్ళాను. సాయంత్రానికి నిండా నీళ్ళతో అలాగే గేటు బయట ఉన్నాయి. ఇక తీసుకెళ్ళలేదు.

మేం ఇళ్ళ బట్టలు మాత్రం, చేదతో తోడుకున్న నీళ్ళతో, చేత్తో ఉతుక్కున్నాం. మా మోటారు ఆగిన మొదటి వారం తడి ఒకటి మీద పావు. రెండో వారం ఒకటిన్నర. ఎండ మండిపోతోంది. మా మోటారు ఒక్కటి ఆగితే ఆ పావు అడుగులు వచ్చాయంటే, అన్నాళ్ళూ నేను ఆవిడ గొంతులోంచి ఎంత తోడేశానో నాకు టేపు మీద కనిపించేది. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మామయ్య చెప్పిన మాట నాకప్పుడు తలకెక్కింది.

తర్వాత వానలు మొదలయ్యాయి. మొదటి వానకి నేను వీధిలోకి పరుగెత్తి తడిసిపోయాను. "తొందరపడకు. పడ్డ నీళ్ళన్నీ బావిలోకి రావు. ముందు నేల తాగాలి, దాని దాహం తీరాక మనకి" అన్నారు మామయ్య. అన్నట్టే నేల మూడు వానలు తాగేసింది, బావిలో అంగుళం పెరగలేదు. నాలుగో వాన తర్వాత తడి రెండున్నరయింది. ఆ పై వారం మూడున్నర. మొక్కలత్తయ్య అంకె చెప్పి లోపలికి వెళ్ళిపోయేది.

ఆ తర్వాతి సోమవారం పొద్దున్న సన్నగా జల్లు పడి ఆగింది. మేం వెళ్ళేసరికి పీట వేసి ఉంది, ఆవిడ మాత్రం బావి దగ్గర లేదు. తోటలో అటు చివర కొత్త నారు నాటుతోంది, మోచేతుల దాకా మట్టి. నేను సుద్ద రాసి టేపు దించి పైకి తీశాను. తీసి, ఆవిడ కోసం నిలబడ్డాను. ఆవిడ రాలేదు.

"అత్తయ్యా, టేపు తీశాను. చూడరా?"

"చేతులు మట్టిలో ఉన్నాయి కనిపించడం లేదూ? ఎంతో చదువు" అంది, తల ఎత్తకుండానే.

నేను మామయ్య వైపు చూశాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. టేపు అందుకోలేదు, గుడ్డ కూడా బయటికి తీయలేదు.

అంకె చూశాను. తడి నాలుగు దాటింది.  గీత పైకి వచ్చేశాయి నీళ్ళు. మా మోటారు వేసుకోవచ్చు, ఆసుపత్రికి వెళ్ళి అడగొచ్చు, ఆయన ఇంటికి రావచ్చు. నాకు కావాల్సిన అంకె అదే. ఏ అంకె కోసం అబద్ధమాడానో అంతకంటే మంచిదే వచ్చింది, చూసేందుకు పక్కన ఎవరూ లేరు. ఇది నా నోటితో చెబితే ఎవరు నమ్ముతారనిపించింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. మూడోసారి బొటనవేలు పెట్టి చూసుకున్నాను.

"నాలుగున్నర" అన్నాను. నాకే వినపడనంత మెల్లగా.

"గట్టిగా చెప్పు, వినపడట్లేదు."

"నాలుగున్నర అత్తయ్యా."

ఆవిడ చేతిలో ఉన్న మొక్క గుంటలో పెట్టి, చుట్టూ మట్టి అదిమింది. పెదవుల్లోనే లెక్క కట్టుకుంది. "ఇరవై ఏడున్నర" అంది. ఇంకో మొక్క చేతిలోకి తీసుకుంది.

"మరి ఇంకా అక్కడే నిలబడ్డావేం కోడలా? వెళ్ళి బోర్డు మీద రాసి, మా మేనల్లుడికి కబురు పెట్టు."